మడమల పగుళ్ళు: రుద్దేకొద్దీ తోలు మందమవుతోంది ఎందుకు?

మెట్టపొలం: చలి మొదలైతే చాలు, మా అమ్మకి మడమలు బీటలు వారతాయి. స్నానంలో గరుకు రాయితో బాగా రుద్దుతుంది. రెండ్రోజులు నున్నగా ఉంటాయి, తర్వాత మళ్ళీ అదే గట్టిదనం, ఇంకా మందంగా. రుద్దడం చాలట్లేదా?

బయాలజీ మాస్టారు: ఎక్కువైందండీ. చర్మం పై పొరను ఎపిడెర్మిస్ అంటాం. దాని అట్టడుగున ఒకే వరుసలో ఉండే కణాలు రెండుగా విభజన చెందుతూ కొత్తవాటిని పుట్టిస్తాయి. అవి పైకి జరుగుతూ కెరటిన్ అనే గట్టి ప్రొటీన్ నింపుకుని, చివరికి కేంద్రకం కూడా పోయి, చచ్చిన రేకుల్లా పేరుకుంటాయి. పుట్టిన కణం రాలిపోయేసరికి సుమారు నాలుగు వారాలు. రాపిడి, ఒత్తిడి ఎక్కువైతే అడుగు వరుస ఇంకా జోరందుకుంటుంది. ఆనెకాయలు వచ్చేదీ అందుకే. మీ అమ్మగారి రాయి కూడా రాపిడే కదా!

రాత్రి డ్యూటీ: నేను నర్సుని. రాయితో అంత తోలు లేచినా నెత్తురు రాదు, ఎందుకంటే ఈ పొరలో రక్తనాళాలే లేవు. దానికి పోషణ అందేది దాని కిందుండే డెర్మిస్ అనే పొర నుంచే. పగులులోంచి నెత్తురు వచ్చిందంటే అది డెర్మిస్ దాకా దిగినట్టే.

చెప్పుల్లేని సుబ్బి: నేను పొడి కాలికి వాజలీన్ పూసి పూసి విసిగిపోయా. ఇప్పుడు కాళ్ళు కాసేపు గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, పైపైన తుడిచి, తడి ఆరకముందే రాసి సాక్సులు వేసుకుంటున్నా. చాలా తేడా ఉంది.

బయాలజీ మాస్టారు: అరికాళ్ళలో నూనె గ్రంథులు ఉండవు. చచ్చిన పొరను మెత్తగా ఉంచేది అందులోని నీరే. వాజలీన్ నీళ్ళివ్వదు, ఉన్న నీటిని పోనివ్వదు. యూరియా క్రీమయితే నీటిని పట్టి ఉంచుతుంది కూడా.

కాలేజీ కుర్రాడు: టాపిక్ మారుస్తున్నా, సారీ. నల్లగా ఉన్నవాళ్ళకి రంగు కణాలు ఎక్కువుంటాయా?

బయాలజీ మాస్టారు: లేదు. మెలనోసైట్ల, అంటే ఆ రంగు కణాల సంఖ్య అందరిలో ఇంచుమించు ఒకటే. అవి మెలనిన్ అనే రంగు పదార్థాన్ని ఎంత తయారుచేసి పక్క కణాలకి పంచుతాయన్నదే తేడా. ఫెయిర్‌నెస్ క్రీముల గోల ఇక్కడ వద్దు, వేరే చర్చ పెట్టుకుందాం.

మెట్టపొలం: థాంక్సండీ. అమ్మకి షుగర్ కూడా ఉంది, అది చెప్పలేదు.

రాత్రి డ్యూటీ: అయ్యో, అది ముందు చెప్పాలి కదండీ! రాయి, బ్లేడు రెండూ ఆపేయండి. షుగర్‌లో పాదాలకి స్పర్శ తగ్గితే తెగినా తెలియదు, పుండు త్వరగా మానదు. వేడినీళ్ళలో నానబెట్టడమూ వద్దు, కాలినా తెలియదు. నెత్తురు, చీము, ఎర్రదనం ఏది కనిపించినా ఆ రోజే డాక్టరుకి చూపించండి.