రస్ట్‌లో కెర్నల్: టైమర్ ఆన్ చేస్తే ఒకచోట బిగుసుకుపోతోంది, ఇంకోచోట రీబూట్ అవుతోంది

కోట_జంక్షన్, విజయనగరం
అన్నలకి నమస్కారం. ఫైనలియర్ ప్రాజెక్టుగా నలుగురం కలిసి 64 బిట్ ఇంటెల్ మీద నడిచే చిన్న కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టంకి గుండెకాయ లాంటి భాగం) రాస్తున్నాం, రస్ట్ భాషలో. క్యూఎమూలో (కంప్యూటర్‌ని అనుకరించే ప్రోగ్రామ్) బూట్ అవుతోంది, స్క్రీన్ మీద అక్షరాలు పడుతున్నాయి. టైమర్ ఇంటరప్ట్ (ప్రాసెసర్ చేస్తున్న పనిని మధ్యలో ఆపే టైమర్ సిగ్నల్) ఆన్ చేశాకే తంటా. అది వచ్చినప్పుడు నడిచే హ్యాండ్లర్‌లో ఒక చుక్క ప్రింట్ చేస్తున్నాం. నా బ్రాంచ్‌లో పది పదిహేను చుక్కలు పడి బిగుసుకుపోతోంది. మావాడి బ్రాంచ్‌లో ఒక్క చుక్కా పడకుండా రీబూట్ల మీద రీబూట్లు. పైగా గైడ్ గారు "గార్బేజ్ కలెక్టర్ (వాడని మెమరీని తనే ఖాళీ చేసేది) ఉన్న గో లాంటి భాషలో రాస్తే మెమరీ గొడవే ఉండదు కదా" అంటున్నారు. ఏం చెప్పాలి? ల్యాబ్‌లో 4 జీబీ మిషన్లు, నెట్ అంతంతమాత్రం.

నాగావళి_బైట్స్, శ్రీకాకుళం
తమ్ముడూ, అవి రెండు వేరు వేరు జబ్బులు.

ముందు నీది. నీ ప్రింట్ మాక్రో లోపల స్పిన్‌లాక్ (దొరికే దాకా తిరుగుతూ ఎదురుచూసే లాక్) ఉంటుంది. మెయిన్ లూప్ కూడా ఏదో ప్రింట్ చేస్తోంది కదా? అది లాక్ పట్టుకుని సగంలో ఉండగా టైమర్ కొట్టింది. హ్యాండ్లర్ వచ్చి అదే లాక్ కోసం తిరుగుతూ కూర్చుంటుంది. ఉన్నది ఒక్కటే కోర్, హ్యాండ్లర్‌లో ఇంటరప్ట్‌లు ఆఫ్. మెయిన్‌కి మళ్లీ వంతు రాదు, లాక్ ఎప్పటికీ వదలదు. సరిగ్గా ఆ సందులో టైమర్ పడాలి కాబట్టే కొన్ని చుక్కల తర్వాత ఆగుతోంది. రస్ట్ కంపైలర్ దీన్ని పట్టుకోదు. దాని లెక్కలో ఇలా బిగుసుకుపోవడం (డెడ్‌లాక్) మెమరీ తప్పు కాదు, అన్‌సేఫ్ (కంపైలర్ తనిఖీలు సడలించే గుర్తు) అని ఎక్కడా రాయకుండానే ఇది జరిగిపోతుంది.

లాక్ తీసుకునే ముందు ఇంటరప్ట్‌లు ఆపి, వదిలాక తిరిగి ఆన్ చేస్తే ఆగిపోవడం పోతుంది. ఎక్స్86_64 అనే క్రేట్‌లో (రస్ట్ లైబ్రరీ) వితవుట్_ఇంటరప్ట్స్ అనే ఫంక్షన్ దీనికోసమే ఉంది. నా మాటైతే హ్యాండ్లర్‌లో ప్రింటే వద్దు. లాక్ లేకుండానే భద్రంగా పెరిగే అటామిక్ కౌంటర్ ఒకటి పెంచు, ఇంటరప్ట్‌లని ప్రాసెసర్‌కి చేరవేసే పిక్ చిప్‌కి 'ముగిసింది' సిగ్నల్ పంపు, బయటికి వచ్చెయ్. ఆ సిగ్నల్ మర్చిపోతే సరిగ్గా ఒక్క చుక్క పడి తర్వాత ఇంకేం రావు, మెయిన్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఒక చుక్కా, పది చుక్కలా అన్నదాన్ని బట్టే సగం రోగం తెలిసిపోతుంది.

మీవాడిది ట్రిపుల్ ఫాల్ట్, అంటే ఒక తప్పుని పట్టుకోబోతే ఇంకోటి (డబుల్ ఫాల్ట్), దాన్ని పట్టుకోబోతే మూడోది వచ్చి మిషన్ రీసెట్ అవడం. క్యూఎమూకి నో-రీబూట్, నో-షట్‌డౌన్, డి-ఇంట్ ఆప్షన్లు ఇచ్చి నడపండి. కేవీఎం (అసలు ప్రాసెసర్ మీదే నేరుగా నడిపే వేగపు పద్ధతి) మాత్రం తీసేయాలి, అది ఉంటే ఈ లాగ్ రాదు. లాగ్‌లో 8వ నంబరు (డబుల్ ఫాల్ట్) కనిపిస్తే, దానికి ముందు 14 ఉందేమో చూడండి. 14 అంటే పేజీ ఫాల్ట్ (ముట్టుకోకూడని అడ్రస్ ముట్టుకోవడం), సీఆర్2 రిజిస్టర్‌లో ఏ అడ్రస్ అన్నది ఉంటుంది. ముందు ఏమీ లేకుండా నేరుగా 8 వస్తే అది అసలు డబుల్ ఫాల్టే కాకపోవచ్చు. బయోస్ వదిలిపెట్టిన స్థితిలో పిక్ చిప్ టైమర్‌ని 8వ నంబరు మీదే పంపుతుంది. అందుకే ఆ చిప్ నంబర్లని 32 నుంచి, రెండో చిప్‌వి 40 నుంచి మొదలయ్యేలా మారుస్తారు (రీమ్యాప్).

అరసవిల్లి_రూట్
గైడ్ గారి ప్రశ్న తీసిపారేసేది కాదు. ఎమ్ఐటీ వాళ్లు గోలో బిస్కట్ అనే కెర్నల్ రాసి 2018లో కొలతలు ఇచ్చారు. సిస్టం కాల్ (ప్రోగ్రామ్ కెర్నల్‌ని పని అడగడం), పేజీ ఫాల్ట్, కాంటెక్స్ట్ స్విచ్ (ఒక పని నుంచి ఇంకో పనికి మారడం) కోడ్‌ని గోలోనూ సీలోనూ దాదాపు ఒకేలా రాసి పోలిస్తే గో 5 నుంచి 15 శాతం నెమ్మది. ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ నడిపినప్పుడు కలెక్టర్ వల్ల వచ్చిన అతి పెద్ద ఆగుడు 115 మైక్రోసెకన్లు. చాలా పనులకి ఇది పెద్ద నష్టమేం కాదు.

చిక్కు ఏటంటే, గో రన్‌టైమ్ (ప్రోగ్రామ్‌తో పాటే నడిచే గో సొంత కోడ్) కింద ఆపరేటింగ్ సిస్టం ఒకటి ఉందనుకుని రాసింది. థ్రెడ్లు, మెమరీ, టైమర్ దాన్నే అడుగుతుంది. మీరు రాసేదే ఆ సిస్టం కాబట్టి రన్‌టైమ్ కింద ఇంకో పొర మీరే రాయాలి. ఒక సెమిస్టర్ దానికే పోతుంది. రస్ట్‌లో నో_ఎస్‌టీడీ (స్టాండర్డ్ లైబ్రరీ వద్దనే గుర్తు) పెడితే ఆ భారం లేదు, ప్రోగ్రామ్ కుప్పకూలితే ఏం చెయ్యాలో చెప్పే పానిక్ హ్యాండ్లర్ ఒకటి రాసుకుంటే చాలు. ఇంకోటి, మెమరీ అయిపోతే ఏం చెయ్యాలన్నది కలెక్టర్ తీర్చదు. బిస్కట్‌లో ప్రతి సిస్టం కాల్‌కీ ఎంత కావాలో ముందే అంచనా కట్టి, అంత దొరికే దాకా ఆపుతారు.

లినక్స్‌లోకి కూడా రస్ట్ 2022 డిసెంబరులో 6.1తో వచ్చింది. వైవాలో అడిగితే చెప్పొచ్చు.

కోట_జంక్షన్
మావాడి కోడ్‌లో రీమ్యాప్ ఉంది అన్నా, కానీ ఇంటరప్ట్‌లు ఎనేబుల్ చేసిన లైను తర్వాత ఉంది! ఇంకో మాట. కీబోర్డ్ హ్యాండ్లర్‌లో వచ్చిన కీలని వెక్‌లో (అవసరాన్ని బట్టి పెరిగే జాబితా) పుష్ చేద్దామనుకుంటున్నాం, పరవాలేదా?

నాగావళి_బైట్స్, శ్రీకాకుళం
ఇంటరప్ట్ టేబుల్ (ఏ నంబరుకి ఏ హ్యాండ్లర్ అన్న పట్టిక) లోడ్, తర్వాత రీమ్యాప్, అన్నిటికంటే చివర ఎనేబుల్. ఆ వరస తప్పకూడదు.

వెక్ వద్దు. పుష్ చేసినప్పుడు చోటు చాలకపోతే మెమరీ పంచే అలొకేటర్‌ని పిలుస్తుంది, దానికీ లాక్ ఉంది, మళ్లీ అదే కథ. బూట్‌లోనే 100 గదుల క్యూ ఒకటి తయారు చేసి పెట్టుకోండి, క్రాస్‌బీమ్ క్రేట్‌లో అర్రేక్యూ ఉంది, లాక్ లేనిది. నిండితే కీ పారేసి ఒక హెచ్చరిక కౌంటర్ పెంచండి. కీని అక్షరంగా మార్చే పని మెయిన్ లూప్‌ది.

హీప్ (అలొకేటర్ పంచే మెమరీ) పెట్టాక ఇంకోటి తగులుతుంది. 1 ఎంబీ అర్రేని బాక్స్‌లో (విలువని హీప్‌లో ఉంచే రస్ట్ టైపు) పెట్టబోతే డీబగ్ బిల్డ్‌లో అది ముందు స్టాక్ (ఫంక్షన్ల లోకల్ వేరియబుల్స్ ఉండే చోటు) మీద తయారై తర్వాత హీప్‌కి కాపీ అవుతుంది. కెర్నల్ స్టాక్ అంత ఉండదు. కింద గార్డ్ పేజీ (ముట్టుకుంటే ఫాల్ట్ వచ్చేలా వదిలిన పేజీ) లేకపోతే ఫాల్ట్ కూడా రాదు, పక్క డేటాని చప్పుడు లేకుండా తినేస్తుంది. వెక్ మాక్రోతో సున్నాలు నింపితే నేరుగా హీప్‌లోనే పుడుతుంది. డబుల్ ఫాల్ట్ హ్యాండ్లర్‌కి ఎలాగూ వేరే స్టాక్ ఇవ్వాలి, టీఎస్ఎస్‌లో (ప్రాసెసర్ చదివే ఒక పట్టిక) ఐఎస్‌టీ అని దానికి గదులున్నాయి, 20 కేబీ ఇస్తే చాలు.

బొబ్బిలి_బిట్స్
ల్యాబ్ సంగతి ఎవరూ చెప్పలేదు. టార్గెట్‌గా ఎక్స్86_64-అన్‌నోన్-నన్ వాడండి. రస్టప్ (రస్ట్ ఇన్‌స్టాల్ చేసే టూల్) దానికి ముందే కంపైల్ చేసిన కోర్ లైబ్రరీ ఇస్తుంది, 4 జీబీ మిషన్ మీద ప్రతిసారీ దాన్ని కట్టుకునే పని తప్పుతుంది. అందులో రెడ్ జోన్ (స్టాక్ పాయింటర్ కింద ఫంక్షన్లు వాడుకునే చోటు) కూడా ఆఫ్‌లోనే ఉంటుంది. సొంత జేసన్ టార్గెట్ రాసుకుంటే రెడ్ జోన్ ఆపే లైను మీరే పెట్టాలి. లేకపోతే ఇంటరప్ట్ వచ్చినప్పుడు స్టాక్ పాయింటర్ కింది 128 బైట్లు చెడిపోయి, లోకల్ వేరియబుల్స్ వాటంతటవే మారిపోతాయి.

ఇంటరప్ట్ హ్యాండ్లర్ల సింటాక్స్‌కి నైట్లీ (రోజూ వచ్చే ప్రయోగ కంపైలర్) కావాలి కదా, తేదీతో సహా రస్ట్-టూల్‌చైన్ ఫైల్‌లో రాసేయండి. లేకపోతే నలుగురి దగ్గర నాలుగు కంపైలర్లు అవుతాయి. నెట్ ఉన్నచోట కార్గో వెండర్ (లైబ్రరీలన్నీ ప్రాజెక్టులోకి దింపే కమాండ్) కొట్టి, అది చూపించిన కాన్ఫిగ్ లైన్లు కూడా ప్రాజెక్టులో చేర్చి, మొత్తం ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి.