మొదటి వాక్యంలోనే విషయం చెప్పెయ్యాలా, ఆగి చెప్పాలా?

డెస్క్_మనిషి
ఈమధ్య మామూలు వార్తలకు కూడా కథల్లాంటి ఇంట్రోలు (వార్త మొదలయ్యే వాక్యాలు) రాస్తున్నారు. బస్సు నదిలో పడిందని తెలియాలంటే ముందు ఆ రాత్రి చీకటి గురించి, తర్వాత వాన గురించి చదవాలి. తన వాళ్లు ఆ బస్సులో ఉన్నారేమోనని టెన్షన్‌తో చదివే మనిషి పరిస్థితి ఏమిటి? 1865లో లింకన్‌పై కాల్పులు జరిగిన రాత్రి అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ విలేకరి లారెన్స్ గోబ్రైట్ పంపిన మొదటి టెలిగ్రామ్ సారాంశం ఇంతే: అధ్యక్షుణ్ని థియేటర్‌లో కాల్చారు, బహుశా బతకకపోవచ్చు. అంతకంటే ఏం కావాలండీ?

ఆదివారం_పేజీ
1963కు రండి. అమెరికా అధ్యక్షుడు కెనెడీ అంత్యక్రియలప్పుడు పత్రికా రచయిత జిమ్మీ బ్రెస్లిన్ రాసింది సమాధి తవ్విన క్లిఫ్టన్ పొలార్డ్ గురించి. ఆదివారమైనా పనికి పిలుస్తారని అతను అనుకోవడం, ఉదయం తొమ్మిదింటికి లేచి ఖాకీ దుస్తులు వేసుకోవడం, ఇలా మొదలవుతుంది. గంటకు అతని కూలి 3.01 డాలర్లు. కెనెడీ చనిపోయాడని అప్పటికే అందరికీ తెలుసు. దాన్నే మళ్లీ మొదటి వాక్యంలో పెడితే ఎవరు చదువుతారు?

డెస్క్_మనిషి
మీరే అన్నారుగా, అందరికీ తెలుసని. నేనడిగేదీ అదే. ఇంకా తెలియని సంగతిని దాచిపెట్టొద్దు. తెలిశాక మీ ఇష్టం.

కొత్త_రిపోర్టర్
నాదో సందేహం. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా... ఆరూ ఇంట్రోలోనే రావాలని నేర్పారు. రాస్తే వాక్యం ఊపిరాడనంత పొడవు అవుతోంది.

డెస్క్_మనిషి
ఆరూ ఒకే వాక్యంలో కుక్కమని ఎవరూ అనకూడదు. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కదా. "నిన్న రాత్రి పదకొండు గంటల సమయంలో పాత వంతెన మీదుగా వెళ్తున్న బస్సు డ్రైవర్ నిద్రమత్తు కారణంగా అదుపు తప్పి నదిలో పడిన ప్రమాదంలో..." అని రాసుకుంటూ పోతే, మనుషులు బతికారో పోయారో చివరి మాట దాకా తెలియదు. విడగొట్టండి. "బస్సు నదిలో పడి నలుగురు చనిపోయారు. నిన్న రాత్రి పదకొండుకు పాత వంతెన మీద ఈ ప్రమాదం జరిగింది." ముందు ఏం జరిగిందో చెప్పాలి. టైము రెండో వాక్యంలో వచ్చినా నష్టం లేదు. డ్రైవర్ నిద్రపోయాడన్నది పోలీసులు చెప్పాక, వాళ్ల పేరు మీదే రాయాలి. ఇంట్రోలో తొందరపడి కారణం తేల్చేస్తే తర్వాత ఎన్ని సవరణలు వేసినా జనానికి గుర్తుండేది మొదటి మాటే.

ఆదివారం_పేజీ
ఇది నూటికి నూరు పాళ్లూ ఒప్పుకుంటాను. ఫీచర్లలో నన్ను బాధపెట్టేది వేరే. ఒక మనిషి కష్టంతో మొదలుపెడతారు, మూడో పేరాలో అసలు సమస్య ఏమిటో చెబుతారు (నట్ గ్రాఫ్ అంటారు కదా, అది), అంతే, ఆ మనిషి మళ్లీ కనిపించడు. అతని కన్నీళ్లను ఎరగా వాడుకున్నట్టే. కథనం మొత్తానికీ అవసరమైన మనిషైతేనే ఇంట్రోలోకి తేవాలి. బ్రెస్లిన్ పొలార్డ్‌ను చివరిదాకా వదల్లేదు.

కొత్త_రిపోర్టర్
మరి ఆ నట్ గ్రాఫ్ మూడో పేరాలోనే రావాలా?

డెస్క్_మనిషి
నన్నడిగితే మూడు కూడా ఆలస్యమే. ఫోన్‌లో చదివేవాళ్లకు మొదటి స్క్రీన్‌లోనే కనబడాలి, అంటే రెండో పేరా.

ఆదివారం_పేజీ
అక్కడ మాత్రం ఒప్పుకోను. మొదటి పేరాలో పట్టు ఉంటే నాలుగో పేరా దాకా పాఠకుడు ఆగుతాడు. పట్టు లేకపోతే రెండో పేరాకే చదవడం మానేసి వెళ్లిపోతాడు.