ఎంఎస్‌ఎస్ (ఒక్కో టీసీపీ ప్యాకెట్‌లో పట్టే డేటా పరిమితి) తగ్గించాక పేజీలు తెరుచుకుంటున్నాయి, అప్‌లోడ్ మాత్రం ఆగిపోతోంది

అన్నలూ, కాస్త సాయం చేయండి. మిర్యాలగూడలో మా మామయ్య రైస్‌మిల్లు ఆఫీసులో పాత పీసీకి డెబియన్ లినక్స్ ఎక్కించి, ప్యాకెట్లను వడగట్టే ఐపీటేబుల్స్‌తో ఫైర్‌వాల్ రౌటర్‌లా వాడుతున్నాను. ఫైబర్ లైన్, పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే కనెక్షన్).

మొదట్లో వాట్సాప్ బాగానే నడిచేది, కొన్ని సైట్లు మాత్రం ట్యాబ్‌లో పేరు వచ్చి తెల్లగా నిలిచిపోయేవి. ఫోన్ హాట్‌స్పాట్‌లో అవే సైట్లు టక్కున తెరుచుకునేవి. విండోస్ నుంచి, ముక్కలు చేయొద్దని చెప్పి, పింగ్ కొట్టి చూశాను. 1464 బైట్లు వెళ్తోంది, 1465 అంటే జవాబే లేదు. ఐపీ, పింగ్ హెడర్లు 28 కలిపితే 1492, అంటే మామూలు 1500లో పీపీపీఓఈ తన 8 బైట్లు తినేస్తోంది. అందులోంచి ఐపీకి 20, టీసీపీకి 20 తీసేసి, ఫార్వర్డ్ చెయిన్‌లో (రౌటర్ గుండా దాటిపోయే ప్యాకెట్ల రూల్స్) ఫైబర్ వైపు ఇంటర్‌ఫేస్ పీపీపీ0 నుంచి బయటికి పోయే, కనెక్షన్ మొదలుపెట్టే సిన్ ప్యాకెట్లకు ఎంఎస్‌ఎస్ 1452 పెట్టాను. పేజీలన్నీ వస్తున్నాయి.

ఇప్పుడు తంటా అప్‌లోడ్‌తో. స్కాన్ చేసిన బిల్లు 5 ఎంబీ ఉంటే కొంచెం కదిలి ఆగిపోతుంది. కాటా దగ్గర లారీ డ్రైవర్ నిలబడే ఉంటాడు, ఇక్కడ చక్రం తిరుగుతూనే ఉంటుంది.

సిన్‌కు జవాబుగా లోపలికొచ్చే సిన్-ఆక్ ప్యాకెట్లకు కూడా ఇదే రూల్ రాయాలా? అంకె వేయకుండా, దారిలో పట్టే సైజును బట్టి ఎంఎస్‌ఎస్‌ను తానే తగ్గించే క్లాంప్-టు-పీఎంటీయూ పెడితే రెండు వైపులా సరిపోతుందా? ఇంకొకటి, ఎవరో చెప్పారని ఔట్‌పుట్ చెయిన్‌లో (రౌటర్ తానే పంపే ప్యాకెట్ల రూల్స్) ఐసీఎంపీ, అంటే పింగ్ జవాబులు, 'ప్యాకెట్ పెద్దది' లాంటి ఎర్రర్ మెసేజ్‌లు, మొత్తం డ్రాప్ చేశాను. 1465కి జవాబు రాకపోవడం దానివల్లేనని అనుమానం. అది తీసేస్తే ఏమైనా ప్రమాదమా?