వరంగల్ నుంచి అమరావతి: పొద్దున పోయి రాత్రికి రావొచ్చా, ఒక రాత్రి ఉండాల్నా?

భద్రకాళి_కట్ట
హన్మకొండ నుంచి నలుగురం పోదామనుకుంటున్నం. భార్యాభర్తలం, పదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న అమ్మ. చూడాలనుకున్నవి: ఉండవల్లి గుహలు, రాజధాని కడుతున్న జాగ, పాత అమరావతిలో గుడి, స్తూపం, మ్యూజియం, ధ్యాన బుద్ధుడు. బెజవాడ దుర్గమ్మ దర్శనం అమ్మ కోరిక. పొద్దున వందే భారత్‌ల పోయి రాత్రికి ఇంటికి రావొచ్చని ఒకరంటరు. అంత ఉరుకులాట ఎందుకు, కార్ల పోయి ఒక రాత్రి ఉండుమని ఇంకొకరంటరు. తెలిసినోళ్లు చెప్పండి.

కాజీపేట_జంక్షన్
ఒక్కరోజుల అయితది అన్నా. సికింద్రాబాద్‌ల పొద్దున 5 దాటంగనే బయలుదేరే విశాఖ వందే భారత్ ఆరున్నర ప్రాంతంల వరంగల్‌కు వస్తది. 9 గంటలకు అటూ ఇటూ బెజవాడల ఉంటరు. అదే బండి విశాఖ నుంచి తిరిగొస్తూ సాయంత్రం ఆరుంబావు, ఆరున్నర నడుమ బెజవాడల ఎక్కించుకొని 9 ప్రాంతంల వరంగల్‌ల దింపుతది. చేతిల తొమ్మిది గంటలుంటయి.

మిగతా పగటి బండ్లు మనకు పనికిరావు. శాతవాహన, గోల్కొండ అటువాళ్లు పొద్దున బయలుదేరి హైదరాబాద్ దిక్కు వచ్చేందుకు వేసినయి. శాతవాహన బెజవాడల తెల్లారి 6 దాటినంక బయలుదేరి సికింద్రాబాద్ పోతది, సాయంత్రం ఎనుకకు మళ్లుతది. మనం పోవాల్సిన దిక్కు దానికి ఉల్టా. తిరుపతి పోయే కృష్ణా ఎక్సుప్రెస్ పొద్దున్నే దొరుకుతది గని బెజవాడ చేరేసరికి మధ్యాహ్నమే. అందుకే ఒక్కరోజు ముచ్చట ఆ ఒక్క వందే భారత్ వచ్చినంకనే మొదలైంది.

బుకింగ్‌ల కొన్ని సంగతులు. చైర్ కార్‌ల పిల్లలకు సగం టికెట్ లేదు, అయిదేళ్లు దాటితే పూర్తి ఛార్జీ. టికెట్ తీసేటప్పుడు తిండి వద్దని పెడితే ధర తగ్గుతది. పెద్దవాళ్ల రాయితీ 2020 మార్చిల ఆగింది, మళ్లీ రాలే. వారంల ఒకరోజు ఈ బండి నడవదు, తేదీ ఖాయం చేసే ముందు చూసుకోండి.

తొర్రూరు_రోడ్డు
నలుగురికి రానుపోను వందే భారత్, ఆపైన బెజవాడల రోజంతా కారు కిరాయి. రెండూ కలిపి చూస్తే సొంత కారే నయం. హన్మకొండ, వర్ధన్నపేట, తొర్రూరు, మరిపెడ, ఖమ్మం, కోదాడ, అక్కడి నుంచి జాతీయ రహదారి 65 పట్టుకొని నందిగామ, కంచికచర్ల, ఇబ్రహీంపట్నం. ఒక్కదిక్కు దాదాపు 240 కిలోమీటర్లు, ఐదు గంటలు పెట్టుకోండి. అక్కడ తిరుగుడు 100 అనుకున్నా మొత్తం 580. లీటరుకు 15 ఇచ్చే బండికి 39 లీటర్లు పడతయి, నాలుగు వేల చిల్లర. కోదాడ దాటినంక చిల్లకల్లు, కీసర రెండు టోల్‌గేట్లు. ఈ కీసర మన హైదరాబాద్ పక్క కీసర కాదు.

ఆంధ్రలో పెట్రోలు మన దగ్గరికంటే ఎక్కువ, ట్యాంకు కోదాడలనే నింపుకోండి. కిరాయి కారైతే ఆల్ ఇండియా పర్మిట్ ఉందా అని అడగకుండ ఎక్కకండి. లేకుంటే సరిహద్దుల ఆంధ్ర పన్ను కట్టేదాకా కదలనియ్యరు, ఆ డబ్బు మీ మీదనే పడతది.

కాజీపేట_జంక్షన్
లెక్క మంచిగనే ఉంది, ఆ పది గంటల స్టీరింగ్ కూడా లెక్కల రాయండి. పోయేటప్పుడు ఐదు, వచ్చేటప్పుడు చీకట్ల ఐదు. తొర్రూరు–మరిపెడ నడుమ రాత్రిపూట దీపాల్లేని వడ్ల ట్రాక్టర్లు, కల్లాల కాలంల రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. కార్ల పోతే రాత్రి ఉండాల్సిందే, ఒక్కరోజుల పోయి వస్తమంటే మాత్రం నేనొప్ప.

ఓరుగల్లు_శిల్పం
బండి గురించే మాట్లాడుతున్నారు, చూడబోయేదాని గురించి ఎవరూ చెప్పలేదు. అమరావతి ఒకటి కాదు. కొత్త రాజధాని ప్రాంతం (వెలగపూడి సచివాలయం, నేలపాడు హైకోర్టు, 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగిన ఉద్దండరాయునిపాలెం) బెజవాడ నుంచి ఇరవై కిలోమీటర్ల లోపు. గుడి, స్తూపం ఉన్న పాత అమరావతి ఇంకా పడమటికి, బెజవాడ నుంచి 35 దాటుతుంది. పాతది చూడాలని బయలుదేరి, ఫోనులో ఊరి పేరు కొట్టి కొత్త రాజధాని నడుమకు పోయి నిలబడేవాళ్లు చాలామందే.

సమయాల దగ్గరే ప్లాన్లు తప్పేది. అమరేశ్వరాలయం మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో మూసి సాయంత్రం తెరుస్తారు. కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవు. సచివాలయం శని, ఆదివారాలు మూత, మిగతా రోజుల్లోనూ పాసు లేనిదే లోపలికి పంపరు. కాబట్టి రాజధాని అంటే బయటి నుంచి చూడ్డమే.

స్తూపం దగ్గరికి సాంచిని ఊహించుకొని పోకండి. నేల మట్టం నుంచి కాస్త లేచిన గుండ్రటి ఇటుక కట్టు, చుట్టూ పద్మాలు చెక్కిన కొన్ని రాతి పలకలు నిలబెట్టి ఉంటాయి. అసలు శిల్పాల్లో ఎక్కువ భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ 1797లో ఇక్కడికి వచ్చేనాటికే దిబ్బను తవ్వి రాళ్లు తీసుకుపోతున్నారు. అందుకే ముందు మ్యూజియం, తర్వాత స్తూపం. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న ఆ పల్నాటి సున్నపురాయి మీద చెక్కడం దగ్గరగా చూశాకే బయటి దిబ్బకు అర్థం వస్తుంది. మన వేయిస్తంభాల గుడి నల్లరాతికి అలవాటుపడ్డ కళ్లకు ఆ రాయి వింతగా ఉంటుంది. దానికి తక్కువలో తక్కువ గంట. గుడిలో మూలవిరాట్టు ఎంత పొడవంటే, అభిషేకం చేసే అర్చకులు పైకెక్కాల్సిందే. పంచారామాల్లో ఇది అమరారామం.

ఇవన్నీ తొమ్మిది గంటల్లో, దుర్గమ్మ దర్శనంతో కలిపి? కుదరదు.

కరీంనగర్_చౌరస్తా
అసలు రాజధాని పేరు మీద అంత దూరం ఎందుకన్నా? క్రేన్లు, కాంక్రీటు మిక్సర్లు చూసేందుకా? బెజవాడలనే ఉండి దుర్గమ్మ, బ్యారేజీ, ఉండవల్లి, కొండపల్లి చూసుకుంటే ఒక్కరోజు నిమ్మళంగ సరిపోతది. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కట్టెతోని చేసేది పాపకు చూపించొచ్చు, స్తూపం కంటే పిల్లలకు అదే నచ్చుతది.

ఓరుగల్లు_శిల్పం
కొండపల్లి ఊరు ఇబ్రహీంపట్నం పక్కనే, కారులో వచ్చేవాళ్లకు దారిలోనే పడుతుంది. రైల్లో వచ్చేవాళ్లకు మాత్రం అది అమరావతికి కృష్ణ అవతలి ఒడ్డు. రెండింటినీ ఒకే రోజులో కలపొద్దు. క్రేన్ల విషయానికొస్తే, 29 గ్రామాల పొలాల్లో ఒక రాజధాని లేస్తుండగా చూసే అవకాశం మన తరానికి ఇదొక్కటే. సివిల్ చదివే పిల్లలుంటే తప్పకుండా చూపించండి.

బెజవాడ_కరకట్ట
ఇక్కడివాణ్ణండి. మీ వరంగల్‌వాళ్ల చర్చ చూసి రాస్తున్నాను. ఒక్కరోజులో పెట్టుకుంటే టైమింగ్ ఇలా ఉంటుంది:

తొమ్మిదింబావుకి స్టేషన్ బయట కారెక్కాలి. ప్రకాశం బ్యారేజీ మీదుగా ఉండవల్లికి పది గంటల్లోపు. అక్కడ ముప్పావుగంట. కరకట్ట రోడ్డు పట్టుకుని పాత అమరావతికి 12 లోపు చేరితే గుడి మూయకముందే దర్శనం అవుతుంది. భోజనం, మ్యూజియం, స్తూపం, బుద్ధుడు అయ్యేసరికి మూడున్నర. తిరుగు దారిలో తుళ్లూరు, మందడం వైపు నుంచి వస్తే రాజధాని అదే కనపడుతుంది. ఆగి చూడాలంటే అరగంట. ఐదున్నరకి బ్యారేజీ ఎక్కాలి. సాయంత్రం బ్యారేజీ మీద బండ్లు నత్తనడకన సాగుతాయి, భారీ వాహనాలకు అనుమతి లేకపోయినా సరే. ఆలస్యమయ్యిందంటే కనకదుర్గ వారధి (కృష్ణ మీది హైవే వంతెన) వైపు తిప్పినా పెద్దగా కలిసిరాదు.

కారు మాట్లాడేటప్పుడు ఎక్కువమంది దెబ్బతినేది ప్యాకేజీ దగ్గర. "8 గంటలు, 80 కిలోమీటర్లు" అంటారు. స్టేషన్ నుంచి ఉండవల్లి 7, అక్కడి నుంచి పాత అమరావతి 30, తిరిగి స్టేషన్‌కి 38, మధ్యలో రాజధాని మలుపులు. 85 దాటేస్తుంది. ఎగస్ట్రా కిలోమీటరు రేటు, గంట రేటు ఎక్కేముందే తేల్చుకోండి. బస్సయితే పండిట్ నెహ్రూ బస్టాండు నుంచి అమరావతికి దొరుకుతాయి గానీ, ఉండవల్లిలో దిగి మళ్లీ ఇంకోటి పట్టుకుంటూ ఒక్కరోజులో ముగించలేరు.

ఇందులో అమ్మవారి దర్శనం లేదు, గమనించండి. మామూలు రోజుల్లోనే శుక్ర, ఆదివారాలు రద్దీ. దసరాల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజు, బయటి ఊరివాళ్లు ఇంకో పని పెట్టుకోకూడదు.

తొర్రూరు_రోడ్డు
నందిగామ నుంచి మ్యాపుల చూస్తే అమరావతి పక్కనే కనపడ్తది కదా, బెజవాడ దాకా పోవుడు ఎందుకు?

బెజవాడ_కరకట్ట
పక్కనే అండి, కృష్ణకి అవతల! కారు దాటే వంతెన అక్కడ లేదు. బెజవాడ దిక్కు వచ్చి కృష్ణ దాటాల్సిందే. మ్యాపులో గాలి దూరం చూసి టైము వేసుకోవద్దు.

మానుకోట_పట్టాలు
వానాకాలం మాట ఎవరూ ఎత్తలేదు. 2024 సెప్టెంబరు 1న ఇంటికన్నె–కేసముద్రం నడుమ వరదకు పట్టాల కింద కంకర, మట్టి కొట్టుకపోయి బండ్లు రోజుల తరబడి ఆగినయి. అప్పుడే బుడమేరు పొంగి బెజవాడ మునిగింది. రోడ్డుకూ అదే గండం. 2023 జూలైల మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చినయి. జూలై నుంచి సెప్టెంబరు దాకా అల్పపీడనం అన్న మాట వినపడితే టికెట్టు రద్దు చేసుకోండి, రానుపోను ఒకే రోజు పెట్టుకున్నోళ్లు మరీ. ఏప్రిల్, మే నెలల్ల ఉండవల్లి రాతి మెట్లు, గుడి ప్రాంగణం కాళ్లు కాలుస్తయి. నవంబరు నుంచి ఫిబ్రవరే సరైన కాలం.

ఒక్కరోజు ప్లాన్ తప్పేది ఎనుకకు వచ్చేటప్పుడే. సాయంత్రం వందే భారత్ తప్పిపోతే తర్వాత దొరికేవి ఎక్కువగ రాత్రి బాగా పొద్దుపోయినంక బెజవాడకు వచ్చే దూరం బండ్లు. గ్రాండ్ ట్రంక్ అట్లాంటిదే, వరంగల్‌ల తెల్లారుజామున దింపుతది. పడుకొని రాకుంటే ఇబ్బంది, ఆ పూట బెర్తు దొరకదు. ముసలమ్మను జనరల్ బోగీల ఎక్కిస్తరా?

కాజీపేట_జంక్షన్
దానికి మందు ఉంది. రాత్రి ఉండాలంటే తిరిగిన రాత్రి కాదు, ముందు రాత్రి ఉండండి. శనివారం మధ్యాహ్నం 3కు సికింద్రాబాద్‌ల బయలుదేరే ఇంకో వందే భారత్ నాలుగున్నర ప్రాంతంల వరంగల్‌ల ఆగుతది, 7 ప్రాంతంల బెజవాడ. ఆదివారం పొద్దున్నే అమ్మవారి దర్శనం చేసుకొని అమరావతికి పొండి, సాయంత్రం అదే పాత బండికి ఎనుకకు. సెలవు పెట్టే పని లేదు. సోమవారం ఎవరి పనికి వాళ్లు.

ఓరుగల్లు_శిల్పం
ఇది ఒప్పుకుంటాను. ఆదివారం మ్యూజియం తెరిచే ఉంటుంది, సచివాలయం ఎలాగూ బయటి నుంచే. అసలు స్తూపం కోసమే పోయేవాళ్లకు ఇంకో దారి: మధ్యాహ్నం గోల్కొండలో బయలుదేరి రాత్రికి గుంటూరు, పొద్దున అక్కడి నుంచి బస్సులో అమరావతి. ముప్పై కిలోమీటర్ల పైచిలుకే. కాకపోతే ఉండవల్లి, దుర్గమ్మ వదులుకోవాలి.

తొర్రూరు_రోడ్డు
మోకాళ్ల నొప్పులున్న పెద్దమనిషి ఉన్నప్పుడు సామానుతోని ప్లాట్‌ఫారాలు ఎక్కుడు దిగుడు, రాత్రి హోటల్ వెతుక్కునుడు! కార్ల అయితే ఇంటి ముందు ఎక్కి హోటల్ ముందు దిగుతరు. నేను మాట మార్చను.

భద్రకాళి_కట్ట
అందరికీ దండాలు. శనివారం సాయంత్రం పోయి ఆదివారం రాత్రికి వద్దామనుకుంటున్న. అమ్మ ఉండవల్లి పై అంతస్తులు ఎక్కగలదా? దుర్గమ్మ దగ్గర మెట్లు?

బెజవాడ_కరకట్ట
దుర్గమ్మ దగ్గర భయం లేదండి, మహామండపంలో లిఫ్టులు ఉన్నాయి, ఘాట్ రోడ్డు మీద బండి పోతుంది. ఆదివారం కాబట్టి తెల్లవారకముందే క్యూలో ఉండండి, వంద రూపాయల టికెట్టో మూడొందల టికెట్టో తీసుకుంటే సర్వదర్శనం కంటే తొందరగా అవుతుంది. ఎనిమిదిన్నరకి కొండ దిగలేకపోతే గుడి మూసే వేళలోపు అమరావతి చేరలేరు. అప్పుడు మ్యూజియం ముందు చూసి, గుడి తెరిచేదాకా ఆగకుండా వెనక్కి రండి.

ఉండవల్లిలో నేల అంతస్తు పెద్దావిడకి ఇబ్బంది లేదు. పడుకున్న అనంతపద్మనాభస్వామి ఉన్నది మూడో అంతస్తులో. రాతి మెట్లు ఎత్తుగా, అంచులు అరిగి ఉంటాయి. కిందకు దిగేటప్పుడే మోకాలికి కష్టం. ఒకరు ఆవిడతో కింద చెట్ల నీడన కూర్చుని, ఇద్దరు పైకి వెళ్లి రావడం మేలు. పైన గది చీకటిగా ఉంటుంది, పదిహేను అడుగులు దాటిన విగ్రహం. లోపలికి వెళ్లగానే ఏమీ కనపడదు, ఒక నిమిషం నిలబడితే ముందు పాదాలు, తర్వాత నాగపడగలు కనిపిస్తాయి. పాపకి టార్చి ఇవ్వకండి, ఫ్లాష్ కొట్టనివ్వకండి. కాపలావాళ్లు ఒప్పుకోరు.

మానుకోట_పట్టాలు
టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తరు. ఆదివారం సాయంత్రం బండికే గిరాకీ ఎక్కువ, ముందు అది తీసుకోండి. శనివారంది తర్వాత చూసుకోవచ్చు.