ఎవో 8లో కంపెనీ టర్బో మార్చకుండా క్యామ్‌షాఫ్ట్‌లు మాత్రమే మారిస్తే ఎంత డ్యూరేషన్ వరకు వెళ్లవచ్చు?

హ్యూస్టన్_ఎవో:

అందరికీ నమస్కారం. నా దగ్గర 2003 నాటి మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ 8 ఉంది. ఇంజిన్ 1997 సీసీ 4జి63. టర్బో కంపెనీ ఇచ్చినదే, దాన్ని మార్చే ఉద్దేశం ఇప్పట్లో లేదు. బూస్ట్‌ను (టర్బో ఇంజిన్‌లోకి గాలిని నెట్టే పీడనాన్ని) 1.4 బార్ దగ్గర ఉంచి ట్యూన్ చేయించాను. కారును ఎక్కువగా ఆఫీసుకు వెళ్లిరావడానికే వాడతాను, వీలు చిక్కినప్పుడు ట్రాక్‌కు తీసుకెళ్తాను. 6,000 ఆర్‌పీఎం దాటాక ఇంజిన్‌కు ఊపిరి ఆడడం లేదనిపిస్తోంది. వర్క్‌షాప్ వారు ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండు వైపులా 280 డిగ్రీల డ్యూరేషన్ (వాల్వు తెరుచుకుని ఉండే కాలం, క్రాంక్ డిగ్రీలలో) ఉన్న క్యామ్‌షాఫ్ట్‌లు, వాటితో పాటు క్యామ్ టైమింగ్‌ను ముందుకు, వెనక్కి జరపడానికి వీలిచ్చే అడ్జస్టబుల్ క్యామ్ గేర్లు వేయమంటున్నారు. టర్బో ఇంజిన్‌లో ఓవర్‌ల్యాప్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరుచుకుని ఉండే సమయం) పెరిగితే నష్టమే తప్ప లాభం లేదని నా మిత్రుడు గట్టిగా వాదిస్తున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి? క్యామ్ టైమింగ్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి?

విజయవాడ_పిస్టన్:

నమస్కారమండీ. డ్యూరేషన్ సంఖ్య కన్నా ముందు మీరు తెలుసుకోవలసింది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో పీడనం ఎంత ఉందన్నది. మనందరి కళ్లూ బూస్ట్ గేజ్ మీదే ఉంటాయి గానీ, టర్బైన్‌కు (ఎగ్జాస్ట్ వాయువుతో తిరిగే టర్బో చక్రానికి) ముందు పేరుకునే పీడనాన్ని కొలిచేవారు అరుదు. ఇన్‌టేక్ వైపు 1.4 బార్ ఉండగా ఎగ్జాస్ట్ వైపు 2.5 బార్ ఉందనుకోండి. రెండు వాల్వులూ కొద్దిగా తెరుచుకుని ఉండే ఆ ఓవర్‌ల్యాప్ సమయంలో కాలిన వాయువు వెనక్కి మళ్లి సిలిండర్‌లోకి, అక్కడి నుంచి ఇన్‌టేక్ పోర్టులోకి వెళుతుంది. దానితో తాజా గాలికి చోటు తగ్గడమే కాక మిశ్రమం వేడెక్కి నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే మండడం) మొదలవుతుంది, ఇగ్నిషన్ టైమింగ్ తగ్గించక తప్పదు, చివరికి పెద్ద క్యామ్ ఇచ్చిన లాభం అక్కడే హరించుకుపోతుంది.

లెక్క తేలికే. రెండు డ్యూరేషన్ల సగటులోంచి లోబ్ సెపరేషన్ కోణానికి (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ క్యామ్ ఉబ్బుల శిఖరాల మధ్య క్యామ్ డిగ్రీలలో ఉండే కోణానికి) రెట్టింపును తీసివేస్తే ఓవర్‌ల్యాప్ వస్తుంది. లోబ్ సెపరేషన్ 112 డిగ్రీలైతే 264 జతకు 40 డిగ్రీలు, 272 జతకు 48, 280 జతకు 56. అయితే ఒక కంపెనీ 272 మరో కంపెనీ 272తో సమానం కాకపోవచ్చు, ఎందుకంటే డ్యూరేషన్‌ను ఎంత లిఫ్ట్ (వాల్వు తెరుచుకున్న దూరం) దగ్గర కొలిచారన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. 1 మి.మీ. లిఫ్ట్ దగ్గర కొలిచిన సంఖ్యలను అడిగి తీసుకుని, వాటినే పోల్చండి.

పీడనం కొలవడానికి మానిఫోల్డ్‌కు సన్నని స్టీలు గొట్టం బిగించి, వేడి తగ్గేలా దాన్ని కొన్ని చుట్లు చుట్టి, ఆ తర్వాతే రబ్బరు గొట్టంతో గేజ్‌కు కలపాలి. 7,000 ఆర్‌పీఎం దగ్గర ఎగ్జాస్ట్ పీడనం బూస్ట్‌కు రెట్టింపుకు చేరువలో ఉంటే 280 ఆలోచన వదిలేయండి.

ట్విన్‌స్క్రోల్_అభిమాని:

పై సమాధానంతో చాలా వరకు ఏకీభవిస్తాను, కానీ సగటు పీడనం ఒక్కటే మొత్తం కథ చెప్పదు. 4జి63 ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. ఒకటో సిలిండర్ ఓవర్‌ల్యాప్‌లో ఉన్న సమయానికి మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు అప్పుడే తెరుచుకుని, బలమైన పీడనపు తాకిడిని మానిఫోల్డ్‌లోకి వదులుతుంది. నాలుగు గొట్టాలూ ఒకే చోట కలిసే మామూలు మానిఫోల్డ్‌లో ఆ తాకిడి సూటిగా ఒకటో సిలిండర్‌లోకి దూరుతుంది. ఎవోలో మాత్రం 1, 4 ఒక దారిలో, 2, 3 మరో దారిలో టర్బైన్ వరకు వేర్వేరుగా వెళ్తాయి. అందుకే ఈ ఇంజిన్ మరికొన్ని నాలుగు సిలిండర్ల టర్బో ఇంజిన్ల కన్నా ఓవర్‌ల్యాప్‌ను బాగా తట్టుకుంటుంది. కంపెనీ టర్బోతోనే హెచ్‌కెఎస్ (ట్యూనింగ్ విడిభాగాల తయారీదారు) 272 జత వేసుకుని పై ఆర్‌పీఎంలో లాభం పొందిన ఎవోలు ఎన్నో ఉన్నాయి. కనుక మీ మిత్రుని మాట పూర్తిగా ఒప్పు కాదు. అలాగని 280 కూడా మీకు వద్దు. ఇన్‌టేక్ వాల్వు అంత ఆలస్యంగా మూసుకుంటే తక్కువ ఆర్‌పీఎంలో సిలిండర్‌లోకి చేరిన గాలి కొంత వెనక్కి పోతుంది, టర్బో ఆలస్యంగా మేల్కొంటుంది, ఆ లోటు రోజూ ఆఫీసు దారిలో తెలుస్తూనే ఉంటుంది. ఎవో 9లోనైతే ఇన్‌టేక్ క్యామ్‌ను ఇంజిన్ నడుస్తుండగానే జరిపే మైవెక్ ఉంది, కాబట్టి ఈ చిక్కు కొంత తీరుతుంది. మీ ఎవో 8కు ఆ వసతి లేదు.

హ్యూస్టన్_ఎవో:

ఇద్దరికీ ధన్యవాదాలు. ముందు పీడనం కొలిపిస్తాను, అంతవరకు ఏమీ కొనను. 272 వరకే పరిమితమైతే వాల్వు స్ప్రింగులు మార్చాలా? గేర్లను సున్నా దగ్గర పెడితే సరిపోతుందా?

కోయంబత్తూరు_ఇంజిన్‌బిల్డర్:

స్ప్రింగులు మార్చించండి. వాల్వు వ్యాసం 34 మి.మీ. అనుకుంటే దాని వైశాల్యం సుమారు 9 చదరపు సెం.మీ. మూసి ఉన్న ఇన్‌టేక్ వాల్వు వెనుక 1.4 బార్ బూస్ట్ దాదాపు 13 కిలోల బలంతో దాన్ని తెరవాలని చూస్తుంది. సిలిండర్‌లోని పీడనం కొంత ఎదురు నిలుస్తుంది కనుక ఆ భారమంతా స్ప్రింగు మీదే పడదు గానీ, ఏళ్ల తరబడి వాడి మెత్తబడిన స్ప్రింగులతో 7,500 ఆర్‌పీఎం వరకు తిప్పడం మంచిది కాదు.

గేరు మీది సున్నాను నమ్మవద్దు. హెడ్‌ను, బ్లాక్‌ను ఎప్పుడైనా చెక్కించి ఉంటే క్యామ్ టైమింగ్ ఆ మేరకు వెనక్కి జరిగిపోయి ఉంటుంది. క్రాంక్‌కు డిగ్రీ వీల్ (కోణాలు గుర్తించిన చక్రం), వాల్వు రిటెయినర్ (స్ప్రింగును పట్టి ఉంచే బిళ్ల) మీద డయల్ గేజ్ పెట్టి లోబ్ సెంటర్‌ను, అంటే వాల్వు అత్యధికంగా తెరుచుకునే స్థానాన్ని కొలిపించండి. ఈ ఇంజిన్‌లో హైడ్రాలిక్ లాష్ అడ్జస్టర్లు (వాల్వు ఖాళీని నూనె పీడనంతో సరిచేసే భాగాలు) ఉంటాయి. అవి స్ప్రింగు ఒత్తిడికి నెమ్మదిగా కుంగిపోతూ రీడింగును తప్పుదారి పట్టిస్తాయి కనుక, కొలిచేటప్పుడు ఆ ఒక్క వాల్వుకు కుంగని గట్టి అడ్జస్టర్ పెట్టాలి. గేరు మీది గీతలు క్యామ్ డిగ్రీలా, క్రాంక్ డిగ్రీలా అన్నదీ అడగండి. క్యామ్ ఒక డిగ్రీ జరిగితే క్రాంక్ లెక్కలో అది రెండు డిగ్రీలు.

టైమింగ్ కుదిరాక వాల్వుకు, పిస్టన్‌కు మధ్య ఖాళీ చూడాలి. అతి తక్కువ ఖాళీ సరిగ్గా టీడీసీ (పిస్టన్ అన్నిటికన్నా పైకి చేరే స్థానం) దగ్గర ఉండదు. ఎగ్జాస్ట్‌కు టీడీసీకి సుమారు 10 డిగ్రీల ముందు, ఇన్‌టేక్‌కు అంతే తర్వాత వస్తుంది. ఇన్‌టేక్‌కు 2 మి.మీ., బాగా వేడెక్కే ఎగ్జాస్ట్‌కు 2.5 మి.మీ. లేనిదే నేను ఇంజిన్ మూయను.

ఆ తర్వాత డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద, క్యామ్‌తో పాటు వచ్చే వివరాల పత్రమైన క్యామ్ కార్డులో చెప్పిన స్థానం నుంచే మొదలుపెట్టండి. ముందుగా ఎగ్జాస్ట్ క్యామ్‌ను క్రాంక్ లెక్కలో రెండేసి డిగ్రీల చొప్పున ముందుకు జరిపి చూడండి. ఓవర్‌ల్యాప్ తగ్గి, టర్బైన్‌కు వాయువు త్వరగా అందుతుంది, విస్తరణలో కొంత పని మాత్రం కోల్పోతారు. ప్రతిసారీ ఇగ్నిషన్‌ను తిరిగి సరిచేయాలి, లేకపోతే పోలికకు అర్థం ఉండదు. గాలి తేలికగా లోపలికి వెళ్లడం మొదలయ్యాక బూస్ట్ గేజ్ కాస్త తగ్గినా పవర్ పెరగవచ్చు, కాబట్టి గేజ్ పడిపోయిందని వెంటనే బూస్ట్ పెంచవద్దు. అత్యధిక పవర్‌తో పాటు 1.4 బార్ ఏ ఆర్‌పీఎంలో అందుతోందన్నదీ ప్రతి రన్‌కు రాయించుకోండి. మీ వాడకానికి ఆ రెండో అంకెనే నేను ముందు చూస్తాను.