8 అంగుళాల టెలిస్కోప్‌తో 3సి 273 క్వాసార్‌ను గుర్తించడం ఎలా?

ప్రశ్న (కడప నుంచి):
నా దగ్గర 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ (చేత్తో తిప్పే పీఠం మీద నిలిచే అద్దపు టెలిస్కోప్) ఉంది. దానితో, చిన్న టెలిస్కోప్‌లకు అందే వస్తువుల పేరొందిన మెస్సియర్ జాబితాలోని గెలాక్సీలను చాలావరకు చూశాను. ఇప్పుడు కన్యారాశిలోని 3సి 273 క్వాసార్‌ను (సుదూర గెలాక్సీ నడిబొడ్డున కృష్ణబిలం చుట్టూ తీవ్రంగా వెలిగే కేంద్రాన్ని) చూడాలని ఉంది. దాని మాగ్నిట్యూడ్ (వెలుగు కొలమానం; అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ) సుమారు 12.9 అని చదివాను. మా ఊరి బయట పొలాల్లో ఆకాశం బాగానే చీకటిగా ఉంటుంది. అది ఈ టెలిస్కోప్‌కు అందుతుందా? అందితే, మామూలు చుక్కల మధ్య అదే క్వాసార్ అని ఎలా నిర్ధారించుకోవాలి? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:
తప్పకుండా అందుతుందండీ. కాకపోతే అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రాత్రులనే ఎంచుకోండి. ఏప్రిల్ మధ్యలో అది రాత్రి పదకొండు గంటల ప్రాంతంలో మీ నడినెత్తికి దగ్గరగా వస్తుంది, కానీ అంత ఎత్తున డాబ్సోనియన్‌ను సన్నగా కదపడం కష్టం కాబట్టి, గంటన్నర ముందే, అది 65 డిగ్రీల ఎత్తులో ఉండగా వెతకడం మేలు.

చిత్త నక్షత్రం నుంచి పొర్రిమా అనే చుక్క మీదుగా ఈటా కన్య అనే మరో చుక్కకు చేరుకోండి. దానికి నేరుగా ఉత్తరాన 4 డిగ్రీల దూరంలో 16 కన్య అనే ఐదో మాగ్నిట్యూడ్ చుక్క ఉంటుంది. అక్కడి నుంచి ఆగ్నేయంగా రెండున్నర డిగ్రీలు జరిగితే మీరు వెతికే చోటికి వస్తారు. వెళ్లే ముందు 16 కన్యకు కొంచెం పైనున్న ఎం61 గెలాక్సీని కూడా ఒకసారి చూడమని నా మనవి. దాదాపు 5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఆ గెలాక్సీ మసక మరకలా కనిపిస్తుంది; అంతకు ఎన్నో రెట్లు దూరాన ఉన్న క్వాసార్ మాత్రం పదునైన చుక్కలా నిలబడుతుంది. ఆ కాంతి బయలుదేరి సుమారు 200 కోట్ల సంవత్సరాలైంది.

రెండో జవాబు:
మీ రెండో ప్రశ్నే అసలైనది, ఎందుకంటే కంటికి క్వాసార్‌కూ నక్షత్రానికీ తేడా ఏమీ కనిపించదు. 1962లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోప్‌తో, చంద్రుడు దాన్ని కప్పిన సమయాలను బట్టి సిరిల్ హజార్డ్ బృందం దాని స్థానాన్ని కచ్చితంగా తేల్చింది. ఖగోళ శాస్త్రవేత్త మార్టెన్ ష్మిట్ 1963లో దాని వర్ణపటాన్ని (కాంతిని రంగులుగా విడదీసిన పట్టీని) చదివిన తరువాతే అది ఎంత దూరానిదో తెలిసింది. కాబట్టి మనకు ఆధారం చుక్కల అమరిక ఒక్కటే.

ఏఏవీఎస్‌ఓ (వెలుగు మారే నక్షత్రాలను గమనించేవారి అమెరికా సంఘం) వారి వెబ్‌సైట్‌లో 3సి 273 పటం ఉచితంగా దొరుకుతుంది. అందులో 127 అని ఉంటే 12.7 మాగ్నిట్యూడ్ అని అర్థం. దశాంశ బిందువును నక్షత్రం అనుకునే ప్రమాదం ఉందని దాన్ని వదిలేస్తారు. డాబ్సోనియన్‌లో దృశ్యం తలకిందులుగా కనిపిస్తుంది కనుక పటాన్ని కూడా తిప్పి పట్టుకోండి. ముందు తక్కువ శక్తి ఐపీస్‌తో పెద్ద చుక్కల ఆకారాన్ని పోల్చి, తరువాత 150 రెట్లకు వెళ్లండి. నేపథ్యం నల్లబడి, సన్నని చుక్కలు ఒక్కొక్కటే బయటపడతాయి. కంటి కొసతో చూస్తే ఇంకా తేలిక.

దాని వెలుగు హెచ్చుతగ్గులవుతుంటుంది. పక్క చుక్కలతో పోల్చి అంచనా రాసి పంపితే ఏఏవీఎస్‌ఓ స్వీకరిస్తుంది. దొరికింది కదా అని ఒక్క రాత్రితో ఆపేయవద్దు.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. పటం దింపుకున్నాను. కెమెరా ఉంటే ఇంకా దూరపు క్వాసార్లు అందుతాయా?

మూడో జవాబు:
అందుతాయి. లింక్స్ రాశిలోని ఏపీఎం 08279+5255 మాగ్నిట్యూడ్ సుమారు 15.2. దాని కాంతి దాదాపు 1,200 కోట్ల సంవత్సరాల కిందట, అంటే సూర్యుడు పుట్టకముందే బయలుదేరింది. మధ్యలోని ఒక గెలాక్సీ గురుత్వ కటకంగా (తన గురుత్వంతో కాంతిని వంచే కటకంలా) పనిచేసి దాని వెలుగును పెంచడం వల్లనే అది మనదాకా ఇంత స్పష్టంగా చేరుతోంది. కంటితో చూడాలంటే 16 అంగుళాల అద్దం ఉండాలి గానీ, చిన్న స్మార్ట్ టెలిస్కోప్‌తో కూడా వరుసగా తీసిన ఫొటోలను కలిపితే నమోదవుతుంది.

కెమెరా కొన్నాక ఒక వర్ణపట గ్రేటింగ్ (కాంతిని రంగులుగా విడదీసే పలక) కూడా తీసుకోండి. ల్యాబులో 486 నానోమీటర్ల దగ్గర ఉండే హైడ్రోజన్ బీటా రేఖ 3సి 273లో 563 దగ్గరికి జరిగి ఉంటుంది. ష్మిట్ గుర్తించిన ఆ ఎరుపు జరుగుబాటును (విశ్వం విస్తరించడం వల్ల కాంతి ఎరుపు వైపు జరగడాన్ని) మీరే స్వయంగా కొలవవచ్చు.