ఐదో చాప్టర్ దాటాక విజువల్ నావెల్ వదిలేస్తున్నారు, ఏం మార్చాలి?

ప్రశ్న: బొమ్మలు చూస్తూ, డైలాగులు చదువుతూ, ఛాయిస్‌లు ఎంచుకునే కథ గేమ్ (విజువల్ నావెల్) నాది. అలాంటివి తయారుచేసే రెన్‌పై అనే సాఫ్ట్‌వేర్‌లో చేశాను, నెలకో చాప్టర్ వస్తుంది. ఐదు దాటాక చాలామంది కొత్త సీన్లు కూడా స్కిప్‌లో (డైలాగులను గబగబా దాటించే సదుపాయం) లాగేస్తున్నారు. సీన్లు కోయాలా, ఛాయిస్‌లు పెంచాలా?

జవాబు 1: కోయండి. రెన్‌పైలో స్కిప్ మామూలుగా చదివిన టెక్స్ట్‌నే దాటిస్తుంది. చదవనిదీ దాటాలంటే ఆటగాడే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. అంత విసుగొచ్చిందన్నమాట! డైలాగ్ బాక్సుకు మూడు లైన్లు మించనివ్వకండి. "తల దించుకుంది" అని రాసి, స్ప్రైట్ (తెరమీది పాత్ర బొమ్మ) కూడా తల దించితే ఒకటి దండగ. అసలు బరువంతా ఇలాంటి వాటిదే.

జవాబు 2: ఛాయిస్‌లు ఊరికే పెంచితే లాభం లేదండీ. ఫలితం మూడు చాప్టర్ల తర్వాత వస్తే ఏం నొక్కారో ఎవరికి గుర్తుంటుంది? ఐదారు డైలాగుల్లోపే చిన్న తేడా కనబడాలి, కనీసం ఎదుటి పాత్ర ముఖంలో. దారులు మాత్రం చాప్టర్ చివరికల్లా కలిపేయండి. రెండేసి దారుల ఛాయిస్‌లు మూడు కలపకుండా వదిలితే ఎనిమిది కథలు రాయాల్సొస్తుంది. తేడాలను వేరియబుల్స్‌లో (గేమ్ గుర్తుపెట్టుకునే విలువలు) దాచుకుంటే చాలు.

జవాబు 3: నెలనెలా అప్‌డేట్ కాబట్టి సేవ్‌లూ చూసుకోండి. కొత్త వేరియబుల్‌ని స్టార్ట్ లేబుల్‌లో (కొత్త ఆట మొదలయ్యే చోటి కోడ్) పెడితే పాత సేవ్‌లో అది ఉండదు, ఎర్రర్ వస్తుంది. రెన్‌పైలోని 'డిఫాల్ట్' (default) ఆదేశంతో ప్రకటించండి. పాత ఆర్‌పీవైసీ ఫైళ్లు (.rpyc, మీ స్క్రిప్ట్ నుంచి రెన్‌పై తయారుచేసుకునేవి) చెరిపేసి కొత్త వెర్షన్ బిల్డ్ చేయకండి, సేవ్‌లు తెరుచుకోకపోవచ్చు. సేవ్ పోయినవాళ్లు మళ్లీ మొదటి నుంచి ఆడతారని ఆశ పెట్టుకోవద్దు. చాప్టర్ మొదట్లో పది లైన్లలోపు 'ఇంతవరకు కథ' పెట్టండి, వాళ్ల ఛాయిస్‌ల ప్రకారం మారేలా, దాటేసే బటన్‌తో.